సరస్సులో కలుపు తీతకు గడ్డిచేపలు: ఒక సరఫరా సేవపై సమీక్ష

నీటి అడుగున హైడ్రిల్లా అనే కలుపు మొక్క దట్టంగా అల్లుకుపోయి పడవ కూడా కదలని స్థితికి వచ్చిన మా మంచినీటి సరస్సులో, రసాయనాలు చల్లకుండా కలుపును అదుపు చేయాలన్న ఉద్దేశంతో, నిర్వహణ సంఘం ఒక సంస్థను పిలిచి నీటి మొక్కలను తినే గడ్డిచేప (గ్రాస్ కార్ప్) పిల్లలను వదిలించింది. దగ్గరుండి చూసిన సభ్యుడిగా ఈ సేవకు ఐదుకు రెండు మార్కులే ఇవ్వగలను. ఆ రెండూ రవాణాలో చూపిన శ్రద్ధకే.

ఆక్సిజన్ సంచుల్లో పిల్లలు చురుగ్గానే వచ్చాయి. సంచులను విప్పకుండా కొంతసేపు నీటి మీద తేలనిచ్చి, లోపలి నీరు సరస్సు నీటి వేడిమికి వచ్చాకే వదిలారు. చచ్చి తేలినవి చాలా తక్కువ.

అయితే ఒక సంచిని తెల్లని తొట్టెలో పోసి చూసినప్పుడు అసలు లోపం బయటపడింది. గడ్డిచేప పిల్ల సన్నగా, పొడుగ్గా, వీపు నడుమ ఒక్క పొట్టి రెక్కతో ఉంటుంది. వాటి మధ్య, వీపు పొడవునా ముళ్ల రెక్క, ఆ రెక్క వెనుక భాగాన నల్లని మచ్చ ఉన్న పిల్లలు తిరుగుతున్నాయి. అవి తిలాపియా అనే వేరే జాతి చేప పిల్లలు. అప్పటికే చాలా సంచులు నీటిలో కలిసిపోయాయి. గడ్డిచేప గుడ్లు నదీ ప్రవాహంలో కొట్టుకుపోతూ పొదగాల్సినవి కాబట్టి నిలకడ నీటిలో దాని సంతతి పెరగదు. తిలాపియా అలా కాదు, తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది, పుట్టిన పిల్లలు నెలల్లోనే ఈడుకు వస్తాయి. ఒకసారి స్థిరపడితే పెద్ద సరస్సు నుంచి వాటిని పూర్తిగా తీసేయడం దాదాపు అసాధ్యం. సంస్థవారు సంచులు మార్చి ఇస్తామన్నారు. నీటిలోకి వెళ్లినవాటి సంగతి అడిగితే సమాధానం లేదు.

గడ్డిచేపల విషయంలోనూ జాగ్రత్త కొరవడింది. ఫలదీకరణ జరిగిన కొద్దిసేపటికే గుడ్లను అధిక పీడనానికి గురిచేస్తే క్రోమోజోముల సెట్లు రెండుకు బదులు మూడు ఉన్న, సంతానం కనలేని ట్రిప్లాయిడ్ చేపలు వస్తాయి. రక్తకణాలను పరీక్షిస్తే ఆ సంగతి తేలుతుంది. ఆ పరీక్ష పత్రం అడిగితే నోటిమాటతో సరిపెట్టారు. తూము దగ్గర, అలుగు దగ్గర జాలీలు కట్టకుండానే పిల్లలను వదిలారు. వరదకు ఇవి అలుగు దాటి నదిలో పడితే గుడ్లు పెట్టడానికి కావలసిన ప్రవాహం వాటికి అక్కడ దొరుకుతుంది. గడ్డిచేపలతో పాటే చేపల పేగుల్లో బతికే ఆసియా బద్దెపురుగు ఎన్నో దేశాల నీళ్లలోకి పాకిందని తెలిసి కూడా, వ్యాధి పరీక్ష గాని, కొన్నాళ్లు విడిగా ఉంచడం గాని వీరి ప్యాకేజీలో లేవు.

కలుపు మాత్రం తగ్గింది, అందులో సందేహం లేదు. కానీ గడ్డిచేప ముందు లేత మొక్కలను తిని, మొరటువాటిని చివరికి మిగుల్చుతుంది. తిన్నదాంట్లో చాలా భాగం అరగక ఎరువుగా నీటిలోకే తిరిగి వస్తుంది. పడవ దారి తెరుచుకున్న చోటే నీరు పచ్చబడింది. చిన్న స్థానిక చేపలు గుడ్లు అంటించే ఒడ్డు వెంబడి మొక్కలు కూడా పోయాయి, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే.

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950లు, 60ల్లో వదిలిన నైలు పెర్చ్ అనే పెద్ద వేటచేప వల్ల వందలాది స్థానిక జాతులు దెబ్బతిన్న చరిత్ర ఈ వ్యాపారంలో ఉన్నవారికి తెలియనిది కాదు. అలాంటప్పుడు ఏ చేపలున్నాయో సర్వే చేయకుండా కొత్త జాతిని దింపడం క్షమించరానిది. బయటి నీటితో సంబంధం లేని చిన్న కుంటకైతే, ట్రిప్లాయిడ్ పత్రం చేతికి వచ్చాక, ప్రతి సంచినీ తొట్టెలో పోసి చూసుకునే షరతు మీద వీరిని పిలవవచ్చు. అలుగు ఉన్న సరస్సుకు మాత్రం పిలవకండి.