కాన్‌బెరా, మిగ్-25, ఉపగ్రహం: పైనుంచి చూసి చెప్పడంలో ఏది మేలు?

వాయుసేన అనగానే మనకు గుర్తొచ్చేది యుద్ధ విమానాలు, బాంబులు, వాటిని నడిపిన వీరులు. ఆ బాంబు ఎక్కడ వేయాలో ముందే వెళ్లి చూసొచ్చినవాళ్ల ఊసు ఎక్కడా పెద్దగా వినపడదు. మన వాయుసేనలో దశాబ్దాల పాటు ఆ పని చేసినవి ముఖ్యంగా రెండు స్క్వాడ్రన్లు. ఆగ్రా నుంచి ఎగిరిన 106వ స్క్వాడ్రన్ చేతిలో బ్రిటిష్ కాన్‌బెరా, బరేలీలోని 102వ స్క్వాడ్రన్ చేతిలో సోవియట్ మిగ్-25. 2006లో మిగ్-25, 2007లో కాన్‌బెరా సెలవు తీసుకున్నాయి. తర్వాత ఆ బాధ్యతలో ఎక్కువ భాగం ఉపగ్రహాలకు, పైలట్ లేని విమానాలకు వెళ్లింది.

ఈ మూడింటిలో ఏది గొప్పదని అడిగితే చాలామంది తడుముకోకుండా మిగ్-25 అంటారు. ధ్వనికి మూడింతల దగ్గరి వేగం, 20 కిలోమీటర్లకు పైగా ఎత్తు, దాన్ని అందుకునే శత్రువు లేడు, ఇంకేం కావాలని వాళ్ల వాదన. నేను ఒప్పుకోను. ఎత్తూ వేగమూ పైలట్ ప్రాణానికి రక్ష. తెచ్చిన ఫోటో పనికొస్తుందా లేదా అన్నది వేరే లెక్క.

ఆ లెక్క చిన్నదే, చేసి చూద్దాం. విమానం కింద 36 అంగుళాల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) గల లెన్స్ ఉన్న కెమెరా ఉందనుకోండి. 70,000 అడుగుల నుంచి తీస్తే 6 మీటర్ల పొడవున్న లారీ ఫిల్మ్ మీద పావు మిల్లీమీటరు ఉంటుంది. 50,000 అడుగుల నుంచి అయితే మిల్లీమీటరులో మూడో వంతు పైచిలుకు. అదే 10,000 అడుగుల నుంచి తీస్తే దాదాపు రెండు మిల్లీమీటర్లు. పావు మిల్లీమీటరు చుక్కను చూసి అక్కడేదో వాహనం ఉందని చెప్పగలరు. రెండు మిల్లీమీటర్లుంటే అది ట్యాంకా, లారీయా, ఫిరంగిని లాగే బండా అని విడదీసే వీలుంటుంది.

ఇక ఫోటోలు చదివే గది సంగతి. ఒక ఫోటోకూ తర్వాతి ఫోటోకూ నేల దాదాపు 60 శాతం కలిసేలా వరసగా తీస్తారు. అలాంటి రెంటిని పక్కపక్కన పెట్టి, ఒక్కో కంటికి ఒక్కో ఫోటో చూపించే స్టీరియోస్కోప్‌లోంచి చూస్తే కొండలు పైకి లేస్తాయి, లోయలు లోపలికి దిగుతాయి. చదునుగా కనిపించిన గీత కందకమని అప్పుడు తెలుస్తుంది. నీడ పొడవును, ఆ వేళకు సూర్యుడున్న ఎత్తును బట్టి గోడ ఎంత ఎత్తో కడతారు. నిన్నటి ఫోటో, ఇవాళ్టి ఫోటో పోల్చి కొత్తగా పడిన బండి జాడను పట్టుకుంటారు. ఇవన్నీ తీరిగ్గా, దగ్గరగా తీసిన ఫోటోలతో బాగా కుదిరే పనులు. అందుకే నా మొగ్గు మొదటినుంచీ కాన్‌బెరా వైపు.

భారత్ 1957లో కాన్‌బెరాలకు ఆర్డరిచ్చింది. వాటిలో ఫోటోల కోసమే తయారైన రకం పీఆర్-57. ముందు పైలట్, ఆయన వెనక లోపల నావిగేటర్. అవసరమైతే నావిగేటర్ తన సీటు వదిలి ముక్కు భాగంలోకి వెళ్లి బోర్లా పడుకుని నేలను చూస్తూ దారి సరిచేసేవాడు. కెమెరా ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చూసుకునే మనిషి ఉండటం ఎంత తేడా తెస్తుందో ఊహించుకోవచ్చు. ఎత్తులోంచీ తీయగలదు, కొండల మధ్యకు దిగీ తీయగలదు.

దానికి చెల్లించిన మూల్యమూ ఉంది. 1959 ఏప్రిల్ 10, పాకిస్తాన్‌లో ఈద్ రోజు. స్క్వాడ్రన్ లీడర్ జె.సి. సేన్‌గుప్తా, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్.ఎన్. రాంపాల్ నడుపుతున్న కాన్‌బెరాను రావల్పిండి దగ్గర పాకిస్తాన్ సేబర్ జెట్ కూల్చేసింది. కాన్‌బెరా ఎగిరే ఎత్తుకు సేబర్ ఎక్కలేదు. మలుపు తిరిగేటప్పుడు కాన్‌బెరా కొంత కిందికి జారింది, దొరికిపోయింది. ఇద్దరూ పారాచూట్లతో బయటపడి బందీలయ్యారు, తర్వాత ఇంటికొచ్చారు. పాకిస్తాన్ వాయుసేనకు అది తొలి గగన విజయం. ఎత్తునే నమ్ముకున్న విమానానికి ఆ ఎత్తు సరిపోని రోజు వచ్చిందని అప్పుడే తేలిపోయింది.

అయినా ఆ స్క్వాడ్రన్ ఆగలేదు. జగ్‌మోహన్ నాథ్ గురించి తెలుగు పాఠకులకు ఎక్కువ తెలియకపోవడం నాకు నిజంగా బాధ. 1962కు ముందూ, ఆ యుద్ధ కాలంలోనూ ఆయన కాన్‌బెరాలో అక్సాయ్ చిన్, టిబెట్ మీద ఎగిరి చైనా సైన్యం కూడుతున్న తీరును ఫోటోలు తీసుకొచ్చారు. 1965లో పాకిస్తాన్ మీద మళ్లీ అదే పని. యుద్ధంలో చూపిన సాహసానికి ఇచ్చే రెండో అత్యున్నత పురస్కారం మహావీర్ చక్రను రెండుసార్లు అందుకున్న అతికొద్దిమందిలో ఆయన ఒకరు. 1971లో 106వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించిన వింగ్ కమాండర్ రమేశ్ బెనెగల్‌కూ మహావీర్ చక్ర వచ్చింది. పైలట్ల చేతిలో ఉన్నవి కెమెరాలే. అయినా దేశం ఇచ్చిన గౌరవం ముందు వరస యోధులకు ఇచ్చేదే.

మిగ్-25 మన దగ్గరికి 1981లో వచ్చింది. ఆ వేగంలో గాలి రాపిడికి విమానం చర్మం అల్యూమినియం తట్టుకోలేనంత వేడెక్కుతుంది. అందుకే దీని ఒళ్లు ఎక్కువ భాగం నికెల్ ఉక్కుతో చేశారు. పైలట్ ఒక్కడే. వ్యోమగామిలా ప్రెషర్ సూట్, మూసుకున్న హెల్మెట్ వేసుకుని ఎక్కాలి. ఒక్కసారి ఎగిరితే పెద్ద మేర నేలను చుట్టబెట్టి వచ్చేది. 1997 మేలో ఇస్లామాబాద్ మీదుగా ఓ మిగ్-25 ధ్వని వేగాన్ని మించి వెళ్లిందని, ఆ మోత నగరమంతా వినిపించిందని పాకిస్తాన్ ఆరోపించింది. ఇంత చేసినా పాతికేళ్ల సర్వీసులో శత్రువు చేతిలో వీటిలో ఒక్కటీ పడలేదు. పైలట్ తల్లిదండ్రుల వైపు నుంచి ఆలోచిస్తే పోటీయే లేదు, మిగ్-25కే ఓటు.

కానీ దానికి నెమ్మదిగా వెళ్లడం చేతకాదు. ఒక లోయను పట్టుకుని మెలికలు తిరుగుతూ చూడమంటే చూడలేదు. ఆ వేగంలో మలుపు తిరగడానికే ఎన్నో కిలోమీటర్లు కావాలి. ఎయిర్‌బేస్‌లు, రోడ్లు, రైల్వే యార్డులు, ట్యాంకుల గుంపులు వంటి పెద్ద వస్తువులకు అది సరైన కన్ను. రాళ్లు పేర్చి కట్టుకున్న బంకరుకు కాదు.

1999 మేలో కార్గిల్ అడిగింది సరిగ్గా ఆ రెండో రకం ప్రశ్నే. కొండ కొమ్ముల మీద ఎంతమంది ఉన్నారు, ఎక్కడెక్కడ ఉన్నారు? మిగ్-25లు కూడా ఆ యుద్ధంలో ఎగిరాయి. అయితే వైమానిక దాడులు మొదలవడానికి 5 రోజుల ముందు, మే 21న, చొరబాటుదారుల స్థావరాలను దగ్గరగా చూసి రమ్మని పంపింది అప్పటికే నలభై ఏళ్లు దాటిన కాన్‌బెరాను. స్క్వాడ్రన్ లీడర్ పెరుమాళ్ పైలట్, యు.కె. ఝా నావిగేటర్. భుజం మీంచి పేల్చే క్షిపణి వచ్చి కుడి ఇంజిన్‌కు తగిలింది. మిగిలిన ఒక్క ఇంజిన్‌తో, ఆ పర్వతాల మధ్య నుంచి విమానాన్ని శ్రీనగర్‌లో దించారు. కాన్‌బెరా బలం, బలహీనత రెండూ ఆ ఒక్క ప్రయాణంలో ఉన్నాయి. వెళ్లాల్సినంత దగ్గరికి వెళ్లింది కాబట్టే దెబ్బ తింది.

అప్పటికి మనకు ఉపగ్రహాలు లేవా? ఉన్నాయి. 1995 డిసెంబరులో వెళ్లిన ఐఆర్‌ఎస్-1సి కెమెరా 5.8 మీటర్ల స్పష్టతతో చూసేది. పౌర అవసరాలకు అప్పట్లో ప్రపంచంలోనే మేటి. ఆ చిత్రాలు మన హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్ కేంద్రంలోనే దిగేవి. చెరువులు, పంటలు, అడవులు లెక్కపెట్టడానికి దివ్యంగా పనికొచ్చేవి. 5.8 మీటర్లంటే మాత్రం గుడారం ఒక్క చుక్కలో కలిసిపోతుంది. ఒక మీటరు స్పష్టత ఉన్న టీఈఎస్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి ఎగిరింది 2001 అక్టోబరు 22న, కార్గిల్ ముగిసిన రెండేళ్లకు. మబ్బు పడితే కెమెరా ఉపగ్రహం గుడ్డిదే. మబ్బులోంచీ చీకట్లోంచీ చూసే రాడార్ ఉపగ్రహం రీశాట్-2 వచ్చింది 2009 ఏప్రిల్‌లో, ముంబై దాడుల తర్వాత.

ఉపగ్రహానికి ఇంకో లోపం ఉంది, దాన్ని మనమే వాడుకున్నాం. అది ఎప్పుడు నెత్తిమీదికి వస్తుందో ముందే లెక్క కట్టొచ్చు. 1998లో పోఖ్రాన్ పరీక్షల ముందు మనవాళ్లు ఎక్కువ పని రాత్రిళ్లు చేసి, తెల్లారేలోపు యంత్రాలను మళ్లీ యథాస్థానంలో పెట్టి అమెరికా నిఘా ఉపగ్రహాల కన్నుగప్పారు. విమానం ఎప్పుడొస్తుందో అలా చెప్పలేం. మరోవైపు ఉపగ్రహం మీద ఎవరూ కాల్పులు జరపరు, బందీ అయ్యే సేన్‌గుప్తా ఉండడు, సరిహద్దు ఉల్లంఘన గొడవ ఉండదు. ఏళ్ల తరబడి ఒకే చోటును గమనించడంలో దాన్ని మించింది లేదు.

కాబట్టి నా తీర్పు ఇలా ఉంటుంది. శాంతి కాలంలో పక్క దేశంలో ఏం మారుతోందో ఓపిగ్గా చూడాలంటే ఉపగ్రహం. క్షిపణులు కాపలా ఉన్న చోట, పెద్ద ప్రాంతాన్ని ఒక్క పూటలో, వాళ్లు ఊహించని వేళ చూడాలంటే 1980లలో, 90లలో మిగ్-25. ఫలానా కొండ మీద ఏముందో ఇప్పుడే చెప్పమని కింద నిలబడ్డ జవాను అడిగితే కాన్‌బెరా. మూడింటిలో ఒక్కదాన్నే ఎంచుకోమంటే కాన్‌బెరానే ఎంచుకుంటాను, ఎందుకంటే కష్టమైన ప్రశ్న అదే. ఇవాళ ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మనుషులను పంపక్కర్లేదు. హెరాన్ లాంటి పైలట్ లేని విమానాలు గంటల తరబడి ఒకే లోయ మీద తిరుగుతాయి. పెరుమాళ్, ఝాలు పడిన ప్రమాదం లేకుండా కాన్‌బెరా పని చేసేవి అవే. నిధులు పంచేటప్పుడు వాటిని ఉపగ్రహాల తర్వాతి వరసలో పెట్టడం తప్పు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మాత్రం 1962. అప్పుడు కెమెరా లోపం లేదు, విమానం లోపం లేదు, పైలట్ లోపం అసలే లేదు. నాథ్ తెచ్చిన ఫోటోలు ఎవరి బల్ల దాకా వెళ్లాయి, చూసినవాళ్లు ఏమనుకున్నారు, ఆ కొండల మీదికి మన జవాన్లను ఏ ధైర్యంతో పంపారు? ఆ యుద్ధంలో మన ఓటమిపై సైన్యం జరిపిన విచారణ ఫలితమైన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు. అరవై ఏళ్లు దాటాక దాచడానికి ఏం మిగిలి ఉంటుంది? ఆ నివేదికనూ, దానితోపాటు 106వ స్క్వాడ్రన్ ఆ రోజుల్లో తీసిన ఫోటోలనూ చరిత్రకారుల ముందు పెట్టాలి.