బతుకమ్మ చీరకు మూడు, రంజాన్ బట్టకు రెండున్నర: ఓ దర్జీ రివ్యూ

కరీంనగర్ దిక్కు చిన్న టౌన్ల నాది లేడీస్ టైలరింగ్ షాపు. సర్కారు ఏ పండుగకు ఏ బట్ట పంచినా ఫాల్‌కో, పికోకో నా దగ్గరికి వస్తది. అందుకే బతుకమ్మ చీర, రంజాన్ బట్ట, క్రిస్మస్ బట్ట మూడిటికీ కలిపి మార్కులేస్తున్న.

ముందు బతుకమ్మ చీర. 2017ల మొదలైంది. సిరిసిల్లల అన్ని చీరలు నేసే టైం లేక ఆ ఏడు సగం దాకా సూరత్ నుంచి తెప్పిచ్చిన్రు. నాసిరకమని కొన్ని ఊర్లల్ల ఆడోళ్లు రోడ్డు మీదేసి కాలవెట్టిన్రు, టీవీలల్ల అందరం చూసినం. తర్వాత పని సిరిసిల్ల మరమగ్గాలకు వోయింది, జరీ అంచు వచ్చింది, రంగులు పెరిగినయ్. పాలిస్టర్ కాబట్టి సూది కింద జారుతది, పిన్నులు పెట్టుకొని కుట్టాలె. జాకెట్ ముక్కతో కలిపి 6.30 మీటర్లు. అందుల ముక్క 80 సెంటీమీటర్లు పోతది. బక్కపల్చటి పిల్లకు సరే. కొంచెం లావున్నోళ్లు మోచేతి దాకా చేతులు కావాలంటే చంకల జాయింట్ వెయ్యక తప్పదు. నాకు బాగా నచ్చిందేందంటే, గోచి పెట్టి కట్టే ముసలోళ్లకు 9 మీటర్ల చీర వేరే నేపిచ్చిన్రు. కట్టుకునేటోళ్లు ఎవలో తెలిసినోడు చేసిన పని అది. ఐదుకు మూడు.

ఇగ ఓట్ల సంగతి. 2018ల ఎన్నికలు ముందే వచ్చినయ్, కోడ్ ఉందని ఎన్నికల సంఘం పంపకం ఆపింది, సద్దుల బతుకమ్మ నాటికి చీర రాలే. అయినా చీరలు పంచే సర్కారు పార్టీ టీఆర్ఎస్‌కు 119ల 88 సీట్లు. 2023 అక్టోబర్‌ల కోడ్ రాకముందే పంపకం మొదలువెట్టిన్రు. అదే పార్టీకి, బీఆర్ఎస్ అని పేరు మారినంక, వచ్చినయి 39. చీర అందనప్పుడు గెలిచిన్రు, అందినప్పుడు ఓడిన్రు. ఇంకా చీరతోటే ఓట్లు వడ్తయనేటోళ్లు ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకొని చూసుకోవాలె.

రంజాన్ ప్యాకెట్‌ల చీర, సల్వార్ బట్ట, మొగోళ్లకు కుర్తా పైజామా బట్ట ఉండేటియి. బట్ట చెడ్డగేం లేదు, తిప్పలంతా టైంతోనే. రంజాన్ నెల సగం దాటినంక ఏ దర్జీ కూడా కొత్త బట్ట పట్టడు. అప్పుడు చేతికొస్తే ఈద్‌కు తొడుగుడు కాదు, ఏ పెండ్లికో దాచుకునుడే. మా గిరాకీ ఆపా ఒకామె బట్ట కొలిపిస్తనే, "అక్కా, ఇది ఇచ్చిన్రు సరే, ఆ 12 శాతం ఏమాయె?" అన్నది. ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ అని 2014ల మాటిచ్చిన్రు. 2017ల అసెంబ్లీల బిల్లు పాస్ చేసి ఢిల్లీకి పంపిన్రు, అక్కడ్నే ఆగింది. ఆమె అడిగింది పిల్లగాని సీటు గురించి, చేతుల పెట్టింది మీటర్ల లెక్క బట్ట. రెండున్నర. క్రిస్మస్ బట్టదీ ఇదే కథ, వేరే చెప్పుడెందుకు.

పనిల పని, శ్రావణ శుక్రవారం నాడు ఒక లీడరు పసుపు కుంకుమతోటి పంచిన చీర గురించి కూడా. పేరు చెప్ప. ఒక్క ఉతుకుకే రంగు దిగి పక్కనున్న తెల్లటి లంగా గులాబీ అయింది. సున్నా.

2024 జనవరిల అయోధ్య అక్షింతలు ఇంటింటికి వచ్చినయి. చెంచెడు బియ్యం, ఒక ఫొటో, ఒక కాయితం. పార్టీ జెండా లేదు, ఓటు మాట ఎత్తలే. కానీ తెచ్చినోళ్లల్ల ఒకరిద్దరు మేలో లోక్‌సభ పోలింగ్ నాడు టేబుల్ ఏసుకొని చీటీలు రాసుకుంట కనవడ్డరు. మా అత్త ఆ అక్షింతలను దేవుని అర్రల పెట్టుకున్నది, ఇప్పటికీ ఉన్నయి. అదే అత్త బతుకమ్మ చీరలల్ల రెండు బొంతకు ఇచ్చింది. ఎందుకత్తా అంటే, "చీరకు రేషన్ కార్డు పట్టుకొని లైన్ల నిలవడ్డ. ఇయి చెప్పులిడిచి లోపటికొచ్చి చేతుల పెట్టిన్రు" అన్నది. ఆ ఎన్నికల తెలంగాణల 17 సీట్లకు బీజేపీకి 8, కాంగ్రెస్‌కు 8, బీఆర్ఎస్‌కు ఒక్కటీ రాలే. అక్షింతలతోనే 8 వచ్చినయని నేననను. కానీ ఇచ్చే పద్ధతి వాళ్లకు తెలిసినంత చీరలోళ్లకు తెల్వదు.

ఇప్పుడు చీర పేరు మారింది. 2025 నవంబర్ 19న, ఇందిరా గాంధీ పుట్టినరోజు నాడు, మహిళా సంఘాలోళ్లకు ఇందిరమ్మ చీరలు మొదలువెట్టిన్రు. మళ్ల సిరిసిల్లకే పని, అది మంచిదే. బతుకమ్మ పోయి ఇందిరమ్మ వచ్చింది, పండుగ బదులు సంఘం వచ్చింది. మార్కులు నాలుగు ఉతుకులయినంక ఏస్త. అందాక తెచ్చేటోళ్లు చీరతోపాటు ఒక మీటరు జాకెట్ బట్ట వేరే కొనుక్కొని తేండ్రి, నన్ను జాయింట్ వెయ్యమనకుండ్రి.