సున్నుండలా, చిమ్మిలా?

సంక్రాంతికి ఇంట్లో సులువుగా చేసుకోదగిన ఈ రెండింటిలోనూ గోధుమపిండి గానీ మైదా గానీ ఉండదు కనుక, గ్లూటెన్ పడనివారికి రెండూ అనుకూలమే. అయితే గోధుమలు ఆడిన మరలో మినుములు ఆడించకూడదు. అసలు తేడా నెయ్యి దగ్గర వస్తుంది. సున్నుండకు పొట్టు మినపప్పును సన్నని సెగపై కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, పిండి చేసి, బెల్లం కలిపి, కరిగిన నెయ్యి పోస్తేనే ఉండ కడుతుంది. నెయ్యి తగ్గితే పిండి వేళ్ల సందుల్లోంచి రాలిపోతుంది. రుచిలో నా మొగ్గు దీనివైపే. చిమ్మిలికి మాత్రం నువ్వులను బెల్లంతో కలిపి రోట్లో దంచుతుంటే, వాటిలోని నూనే ఊరి, ముద్ద మెరుస్తూ రోకలికి అంటుకుంటుంది. అందుకే పాలపదార్థాలు మానినవారికి చిమ్మిలినే సూచిస్తాను. మధుమేహం ఉన్నవారు బెల్లాన్ని కూడా చక్కెరగానే లెక్కించి, ఏదైనా చిన్న ఉండతో ఆపాలి.