జాగ్రత్త: క్రూయిజ్ రేవులో కార్డు యంత్రం మీద బటన్ మీరే నొక్కండి

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్ రేవు నుంచి కరీబియన్ వైపు వెళ్లే ఏడు రోజుల క్రూయిజ్‌కు టికెట్లు కొనుక్కున్నవారు, కొనబోతున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మొన్న థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మేం రెండు కుటుంబాలం కలిసి వెళ్లొచ్చాం. ఓడలో తిండి, గదులు, పిల్లల ఆటలు అన్నీ బాగున్నాయి. డబ్బు పోగొట్టుకున్నది రేవుల్లో. ఎవరో జేబు కొట్టలేదు, బెదిరించలేదు. ఒకచోట కార్డు గీసి పోగొట్టుకున్నాం, ఇంకోచోట నగదు ఇచ్చి పోగొట్టుకున్నాం. రెండుచోట్లా మేం ఒక్క ప్రశ్న అడిగి ఉంటే పోయేది కాదు. అందుకే రాస్తున్నాను.

మొదటి రేవు మెక్సికోలోని కొజుమెల్ దీవి. ఓడ దిగగానే దుకాణాల సముదాయం మధ్యలోంచే బయటికి నడవాలి. అక్కడ ఒక వెండి దుకాణంలో మా ఆవిడకు గాజుల జత నచ్చింది. బేరమాడగా నూట ఎనభై డాలర్లకు ఇస్తానన్నాడు. సరేనన్నాను. కార్డు తీసి యంత్రానికి తాకించాను. అతను యంత్రాన్ని తన వైపు తిప్పుకుని ఏదో బటన్ నొక్కాడు, రసీదు చించి గాజుల సంచిలో వేశాడు. ఇదంతా పది క్షణాల్లో అయిపోయింది. పిల్లలు బీచికి పోదామని చెయ్యి పట్టి లాగుతున్నారు. నేను రసీదు చూడలేదు.

ఆ రాత్రి గదిలో సంచి విప్పితే రసీదు మీద 209.30 డాలర్లు అని ఉంది.

ఇది ఎలా జరిగిందో అర్థం చేసుకోవడానికి నాకు గంట పట్టింది. మీకు ఆ శ్రమ లేకుండా చెబుతాను. నూట ఎనభై డాలర్లు అన్నది నోటిమాట. అతని యంత్రం నడిచేది మెక్సికో కరెన్సీ అయిన పెసోలలో. ఆ రోజు నా బ్యాంకు లెక్కలో డాలరుకు సుమారు 18.60 పెసోలు. అతను మాత్రం డాలరుకు 20 పెసోల చొప్పున లెక్కవేసి 3,600 పెసోలు కొట్టాడు. సరైన లెక్కకు 3,348 పెసోలు కావాలి. అంటే అక్కడికే పదమూడు డాలర్ల పైచిలుకు పోయింది. ఆ తరువాత యంత్రం తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: పెసోలలో చెల్లిస్తారా, మీ సొంత కరెన్సీ అయిన డాలర్లలో చెల్లిస్తారా అని. అది నన్ను అడగాల్సిన ప్రశ్న. అతనే డాలర్లు అని నొక్కేశాడు. అప్పుడు ఆ 3,600 పెసోలను యంత్రం తన సొంత రేటుతో, అంటే డాలరుకు 17.20 పెసోల చొప్పున, మళ్లీ డాలర్లలోకి మార్చింది. ఒకే సొమ్ము డాలర్ల నుంచి పెసోలకు, పెసోల నుంచి డాలర్లకు రెండుసార్లు మారింది. రెండుసార్లూ రేటు నాకు వ్యతిరేకంగానే ఉంది.

ఈ రెండో మార్పిడిని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. 'మీ డబ్బులో ఎంత అవుతుందో ఇప్పుడే తెలిసిపోతుంది, మీకే సౌకర్యం' అని చెబుతారు. ఆ సౌకర్యానికి వసూలు చేసే అదనపు శాతంలో దుకాణానికి కూడా వాటా ఉంటుంది. అందుకే మనల్ని అడగకుండా నొక్కాలన్న తొందర. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల ప్రకారం కరెన్సీ ఎంచుకునే హక్కు కార్డుదారుడిదే, వ్యాపారి తనంతట తాను నొక్కకూడదు. కానీ ఓడ సాయంత్రానికి వెళ్లిపోతుంది. మనం మళ్లీ వచ్చి అడగలేమని కొట్టువాడికి తెలుసు. మామూలు ఊళ్లో మామూలు దుకాణానికి, క్రూయిజ్ రేవులోని దుకాణానికి ఉన్న తేడా ఇదే.

నా రసీదు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఇంకో వాక్యం కూడా ఉంది: నాకు కరెన్సీ ఎంచుకునే అవకాశం ఇచ్చారనీ, నేనే డాలర్లు ఎంచుకున్నాననీ దాని అర్థం. చదవగానే ఒళ్లు మండిపోయింది. నన్ను ఎవరూ అడగలేదు. కాబట్టి మీరు కౌంటర్ దగ్గరే రసీదు చదవండి. తప్పు కనబడితే అక్కడే రద్దు చేయించి, స్థానిక కరెన్సీలో మళ్లీ కొట్టించండి. ఒప్పుకోకపోతే వస్తువు వదిలేసి రండి. డబ్బు అప్పటికే పోయి సంతకం అడిగితే, 'నాకు ఎంపిక ఇవ్వలేదు' అని రసీదు మీద రాసి ఫొటో తీసుకోండి.

ఏటీఎంలో కూడా ఇదే వల ఉంది, అక్కడ ఇంకా తెలివిగా పన్నారు. మా తోడల్లుడుగారు హైదరాబాద్ నుంచి సెలవులకు వచ్చారు. రేవు దగ్గర ఏ బ్యాంకుకూ ఆనుకుని లేని ఒంటరి యంత్రంలో తన భారతీయ క్రెడిట్ కార్డు పెట్టి పెసోలు తీశారు. తెర మీద మార్పిడి రేటు చూపించి, ఒప్పుకుంటారా, ఒప్పుకోరా అని అడిగింది. ఒప్పుకోను అంటే లావాదేవీ రద్దయిపోతుందేమోనని భయపడి ఆయన ఒప్పుకున్నారు. నిజానికి ఒప్పుకోను అని నొక్కినా డబ్బు వస్తుంది, మార్పిడి మాత్రం మన బ్యాంకు రేటుతో జరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది నష్టపోతున్నారో. దానికి తోడు ఆయన వాడింది క్రెడిట్ కార్డు. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, కొనుగోళ్లకు ఉండే వడ్డీ లేని గడువు దీనికి ఉండదు. పైన నగదు రుసుము వేరు. నగదు తీయాల్సి వస్తే డెబిట్ కార్డుతో, ఊళ్లో బ్యాంకు శాఖకు ఆనుకుని ఉన్న ఏటీఎంలో తీయండి. కొజుమెల్‌లో శాన్ మిగెల్ అనే ఊరి నడిబొడ్డుకు వెళితే బ్యాంకులున్నాయి. పుంటా లంగోస్టా రేవులో దిగినవారికి అది నడిచివెళ్లే దూరమే.

భారతీయ కార్డుల మీద ఇంకో మాట. చాలా కార్డుల మీద విదేశీ కరెన్సీ ఖర్చుకు 3.5 శాతం వరకు అదనపు రుసుము, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి. లక్ష రూపాయల ఖర్చుకు 4,130 రూపాయలన్నమాట. దీన్ని తప్పించుకుందామని రేవు దుకాణంలో రూపాయల్లో చెల్లిస్తామని నొక్కేవారిని చూశాను. అలా చేసినా చాలా బ్యాంకులు వేరే రుసుము వేస్తాయి, ఎందుకంటే వ్యాపారి విదేశంలో ఉన్నాడు. పైగా యంత్రం రేటు దెబ్బ ఎటూ తప్పదు. ప్రయాణానికి ముందే ఈ అదనపు రుసుము లేని కార్డు ఒకటి తీసుకోవడం మేలు. అమెరికాలో ఉన్నవారికి అలాంటి కార్డులు చాలానే దొరుకుతాయి, మిగతా కార్డుల మీద మూడు శాతం దాకా పడుతుంది. ఇంటి దగ్గర ఫోనుతో స్కాన్ చేసి కొనే అలవాటు మనకు బాగా పట్టింది కానీ, ఈ రేవుల్లో యూపీఐ పనిచేయదు.

ఇక నగదు కథ బెలీజ్‌ది. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుదాకా రావు. దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో తీసుకువెళతారు. ఆఖరి పడవ తప్పితే ఓడ తప్పినట్టే, కాబట్టి తిరుగు ప్రయాణంలో అందరికీ కంగారు. ఆ కంగారులోనే మేం పడవ ఎక్కే చోట జిరికోటె కొయ్యతో చెక్కిన గిన్నె ఒకటి కొన్నాం. నల్లటి చారలున్న అందమైన కొయ్య అది, బెలీజ్ చేతిపనికి పేరున్నది. ధర నలభై అయిదు డాలర్లు అన్నాడు. నేను నలభై అయిదు అమెరికన్ డాలర్లు లెక్కపెట్టి ఇచ్చాను. తీసుకున్నాడు. పడవలో పక్కన కూర్చున్న ప్రయాణికురాలి ఒడిలో అచ్చం అలాంటి గిన్నే. ఆమె కూడా నలభై అయిదుకే కొన్నానంది, కానీ ఇచ్చింది ఇరవై రెండున్నర అమెరికన్ డాలర్లు.

బెలీజ్ కరెన్సీ పేరు కూడా డాలరే. రెండు బెలీజ్ డాలర్లు ఒక అమెరికన్ డాలరుకు సమానం, ఆ రేటు దశాబ్దాలుగా మారలేదు. రెండు నోట్లూ అక్కడ చెల్లుతాయి. అతను అడిగింది బెలీజ్ డాలర్లు, నేను ఇచ్చింది అమెరికన్ డాలర్లు. అతను అబద్ధమాడలేదు, కానీ నోరూ విప్పలేదు. అక్కడ నేను కార్డు వాడి ఉంటే యంత్రం నలభై అయిదు బెలీజ్ డాలర్లే తీసుకునేది, నాకు సగానికి సగం మిగిలేది. ఒక రేవులో కార్డు ముంచితే ఇంకో రేవులో నగదు ముంచింది. 'నగదే భద్రం' అని కొందరు, 'కార్డే భద్రం' అని కొందరు చెబుతుంటారు. రెండూ నమ్మకండి. ధర వినగానే 'ఏ డాలర్లు?' అని అడగండి.

కొజుమెల్‌లో ఇదే గందరగోళం ఇంకో రూపంలో ఉంది. ఎస్ అక్షరం మీద నిలువు గీత గీసే డాలరు గుర్తును పెసోలకు కూడా వాడతారు. బీచి దగ్గర హోటల్లో పట్టికలో చేపల వంటకానికి ఆ గుర్తు పక్కన 240 అని చూసి మా పెద్దమ్మాయి హడలిపోయింది. అవి పెసోలు. అయితే బిల్లు వచ్చినప్పుడు డాలర్లలో ఎంతో పక్కనే రాసి ఇచ్చారు, డాలరుకు 15 పెసోల లెక్కన. బ్యాంకు రేటు 18.60 ఉన్నప్పుడు 15 లెక్క అంటే వంద డాలర్ల భోజనానికి దాదాపు ఇరవై డాలర్లు ఊరికే ఇచ్చినట్టు. అప్పటికి నాకు గాజుల సంగతి తెలియదు కానీ అదృష్టవశాత్తు తోడల్లుడుగారి దగ్గర పెసోలున్నాయి. ఆయన అధిక రేటుకు తీసిన పెసోలైనా అక్కడ మమ్మల్ని కాపాడాయి.

చిల్లర గురించి రెండు మాటలు. టాక్సీలు చాలావరకు నగదే తీసుకుంటాయి. పెద్ద నోటిస్తే చిల్లర స్థానిక నోట్లలో, వాళ్లకు నచ్చిన రేటులో వస్తుంది. ఆ నోట్లు ఓడలో చెల్లవు, ఇంటికొచ్చాక మార్చుకోవడమూ కష్టమే. హోండురాస్‌లోని రొవటాన్ దీవిలో అంచు కొంచెం చిరిగిన ఇరవై డాలర్ల నోటును ఎవరూ ముట్టుకోలేదు. బయలుదేరే ముందే బ్యాంకులో శుభ్రమైన ఒకట్లు, అయిదులు, పదులు తీసుకోండి. ఓడలోని ఏటీఎంలో తీయవచ్చులే అనుకుంటే అక్కడ రుసుము బాగా ఎక్కువ.

అన్నింటికన్నా నన్ను కలవరపెట్టింది ఆఖరిది. సముద్రం మీద మా ఫోన్లు ఆపేసి ఉన్నాయి, ఓడ నెట్‌వర్క్ ఖరీదని. గాల్వెస్టన్‌లో దిగి ఫోను వెలిగించగానే తోడల్లుడుగారికి బ్యాంకు సందేశాలు వరసగా వచ్చిపడ్డాయి. మూడు రోజుల కిందటే ఆయన కార్డు మీద ఏదో విదేశీ వెబ్‌సైటులో రెండు కొనుగోళ్లు జరిగాయి, కలిపి ముప్ఫై ఎనిమిది వేల రూపాయలు. విదేశీ వెబ్‌సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు కాబట్టి ఆపేవాళ్లే లేరు. కార్డు వివరాలు ఎక్కడ పోయాయో ఇప్పటికీ తెలియదు. మనిషి మొహం పాలిపోయింది. రేవులోనే సామాన్ల మీద కూర్చుని బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించారు.

రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన నియమం ప్రకారం, మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడో వ్యక్తి చేసిన మోసమైతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవారి మీద భారం ఉండదు. ఆలస్యమైతే భారం పెరుగుతుంది. అమెరికా చట్టంలో క్రెడిట్ కార్డు మీద అనధికార ఖర్చుకు మన బాధ్యత యాభై డాలర్లకు మించదు. డెబిట్ కార్డుకైతే, కార్డు పోయిందని తెలిసిన రెండు పనిదినాల్లో చెప్పకపోతే అయిదు వందల దాకా పెరుగుతుంది, స్టేట్‌మెంట్ వచ్చిన అరవై రోజులు దాటితే ఇంకా ప్రమాదం. పైగా డెబిట్ కార్డులో పోయేది మన ఖాతాలోని సొంత డబ్బు. అందుకే డెబిట్ కార్డును బ్యాంకు ఏటీఎంకు తప్ప రేవు దుకాణంలో బయటికి తీయవద్దు.

భారతీయ కార్డులవారు ఒక పని ఇంట్లోనే చేసుకోవచ్చు. 2020 నుంచి విదేశీ వాడకాన్ని, ఆన్‌లైన్ వాడకాన్ని విడివిడిగా తెరిచే, మూసే, పరిమితి పెట్టే సౌకర్యం బ్యాంకు యాప్‌లో ఉంది. తోడల్లుడుగారు విమానం ఎక్కేముందు అన్నీ తెరిచేసి, కార్డు పరిమితి మొత్తం అలాగే ఉంచేశారు. విదేశీ ఆన్‌లైన్ కొనుగోళ్లను మూసి, దుకాణంలో కార్డు గీయడాన్ని మాత్రం తెరిచి ఉంటే ఆ రెండూ జరిగేవి కావు. సముద్రం మధ్యలో యాప్ తెరుచుకోదు, బయలుదేరే ముందే చేయండి. రోజుకు ఒకసారైనా రేవులో వైఫై దొరికినప్పుడు ఖాతా చూసుకోండి.

నా గాజుల ఫిర్యాదు సంగతి అడిగేవారి కోసం: రసీదు దాచుకోబట్టి, నాకు కరెన్సీ ఎంపిక ఇవ్వలేదని బ్యాంకుకు రాశాను. ఆరు వారాల తరువాత 15.75 డాలర్లు, అంటే యంత్రం మార్పిడి వల్ల పడిన అదనపు భాగం, తిరిగి జమ అయింది. దుకాణం వేసిన 20 పెసోల లెక్క వల్ల పోయిన 13.55 డాలర్లు రావని చెప్పారు, 3,600 పెసోల రసీదు ఉంది కాబట్టి. తోడల్లుడుగారికి బ్యాంకు ముప్ఫై ఎనిమిది వేలూ తాత్కాలికంగా జమచేసింది, విచారణ ఇంకా నడుస్తోంది. ఏటీఎం మీద పడిన వడ్డీ, రుసుము మాత్రం ఆయనే కట్టారు.