బీపీ మిషన్ బాగానే ఉంది, పట్టీ దగ్గరే మోసపోయాను

గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్టు గుమాస్తాని. సీజన్లో పొద్దున్నే టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య నిలబడితే మళ్లీ కుర్చీ మొహం చూసేది మధ్యాహ్నానికే. ఫిబ్రవరిలో ఓ రోజు తల దిమ్ముగా ఉందని కొత్తపేటలో డాక్టరు గారి దగ్గరికి వెళ్తే 158/96 అన్నారు. "కొంతమందికి ఆస్పత్రిలో టెన్షన్‌కే పెరుగుతుందండీ. మిషన్ కొనుక్కుని వారం రోజులు ఇంట్లో చూసి, రాసుకుని రండి. మందు సంగతి అప్పుడు చూద్దాం" అన్నారు.

ఓ మెడికల్ షాపులో 1,850కి కొన్నాను. జబ్బకు పట్టీ చుట్టే రకం. మణికట్టుకు కట్టేది తక్కువకే వస్తుంది గానీ డాక్టరు గారు ముందే వద్దన్నారు. చెయ్యి సరిగ్గా గుండె ఎత్తులో లేకపోతే అది తప్పు చూపిస్తుందట.

మొదటి రాత్రి 172. మళ్లీ నొక్కితే 176. మా ఆవిడ ఆవకాయ జాడీ తీసి అటకెక్కించేసింది. నాకు నిద్ర లేదు. మూడో రోజు మిషన్ సంచిలో వేసుకుని మళ్లీ కొత్తపేట పోయాను. డాక్టరు గారు మిషన్ని పక్కన పెట్టి ముందు పట్టీ తిప్పి చూశారు. దాని మీద చిన్న అక్షరాల్లో 22–32 సెం.మీ. అని ఉంది. టేపు పెట్టి నా జబ్బ కొలిస్తే 35! లావు చేతికి చిన్న పట్టీ కడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. ఈ చేతులు చూస్తూ కూడా షాపతను ఒక్క ముక్క చెప్పలేదు. మార్చమని వెళ్తే "డబ్బా విప్పేశారు కదండీ" అన్నాడు. పెద్ద పట్టీకి ఇంకో 650 వదిలాయి. ఈ రివ్యూలో నేను ఒక స్టార్ కోసింది ఇందుకే.

పెద్ద పట్టీతో డాక్టరు గారి మిషన్ పక్కన పెట్టి చూస్తే తేడా నాలుగే. అది లెక్కలోది కాదన్నారు.

డబ్బాలో పుస్తకం ఇంగ్లీషు, హిందీల్లో ఉంది, తెలుగు లేదు. మా అమ్మాయి చదివి చెప్పింది. కాఫీ తాగితే అరగంట ఆగాలి. ఒకటికి వెళ్లొచ్చి కూర్చోవాలి. వీపు ఆన్చి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే ఉండాలి. పట్టీ చొక్కా మీద కట్టకూడదు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. మా బల్ల పొట్టిది, అందుకని చేతి కింద రెండు పాత పద్దు పుస్తకాలు పెడతాను. చూసేటప్పుడు మాట్లాడకూడదు. యార్డు గుమాస్తాకి ఇంతకు మించిన శిక్ష లేదు. ఓసారి పట్టీలో గాలి నిండుతుంటే ఫోను: "బాబాయ్, తేజ రకం మిర్చి ఎంత పలికింది?" ధర చెప్పి చూస్తే 163. ఫోను అవతల పడేసి ఐదు నిమిషాలు నోరు మూసుకుని మళ్లీ చూస్తే 144.

పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఎడం. వారం సగటు 146/91 తేలింది. ఆస్పత్రిలో 140/90 హద్దయితే ఇంట్లో 135/85 అట. అంటే నాకు టెన్షనొక్కటే కాదు, బీపీ కూడా ఉంది. మాత్ర మొదలైంది. ఉప్పు రోజు మొత్తానికి ఒక టీస్పూను లోపే ఉండాలన్నారు. మన పచ్చళ్లతో అది ఎలా కుదురుతుందో మీరే చెప్పండి. జాడీ ఇప్పుడు ఆదివారం మాత్రమే కిందికి దిగుతోంది. ఈ మధ్య 130 అటూ ఇటూ వస్తుంటే, ఇక మాత్ర మానేద్దామా అని అడిగాను. "ఆ అంకె మాత్ర వేసుకుంటేనే కదా వచ్చింది" అని డాక్టరు గారు కళ్లద్దాల పైనుంచి చూశారు.

ఇంకో మాట కూడా చెప్పారు. 180/120 దాటితే కంగారు పడకుండా కాసేపాగి మళ్లీ చూసుకోవాలి, అలాగే ఉంటే వెంటనే ఫోన్ చెయ్యాలి. దానికి తోడు ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి పట్టు తప్పడం లాంటివి ఉంటే మళ్లీ మళ్లీ నొక్కుతూ కూర్చోకుండా 108కి చెయ్యాలి.

చిన్న చిరాకులు లేకపోలేదు. అడాప్టర్ ఇవ్వలేదు. బ్యాటరీలు మార్చినప్పుడల్లా తేదీ మొదటికొస్తుంది. వీధిలో వాళ్లంతా వచ్చి చూసుకోవడంతో వాళ్ల అంకెలు నా లెక్కల్లో కలిసిపోయాయి. అందుకే మెమరీని నమ్మకుండా పద్దు పుస్తకంలోనే రాసుకుంటున్నాను.

పక్కింటి మాస్టారిది సన్నటి చెయ్యి. నా పెద్ద పట్టీ ఆయనకు వదులై అంకె తప్పుతుంది. పనికిరాదనుకున్న చిన్న పట్టీ తీసి కడితే ఆయనకూ, మా ఆవిడకూ కుట్టించినట్టు సరిపోయింది. దాంతో ఆ 650 ఖర్చు కింద రాయాలో జమ కింద రాయాలో నాకింకా తేలలేదు.