మూడేళ్లుగా నా బోటులో ఫ్యూయల్ మీటర్: ఏది నమ్ముతున్నాను, ఏది మానేశాను

నెల్లూరు జిల్లా మైపాడు నుంచి 24 అడుగుల ఫైబర్ బోటులో గేలం వేటకు వెళ్తాను, ఎక్కువగా వంజరం కోసం. ఇంజన్ 40 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్, పెట్రోలుది. ట్యాంకు 75 లీటర్లు. మూడేళ్ల కిందట పెట్రోలు గొట్టం మధ్యలో చిన్న ఫ్లో సెన్సార్ పెట్టించి జీపీఎస్ స్క్రీనుకు కలిపించాను. గంటకు ఎన్ని లీటర్లు తాగుతోంది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తోంది, మిగిలినదాంతో ఇంకా ఎంత దూరం పోవచ్చు అని మూడు లెక్కలు చూపిస్తుంది, ఇప్పటిదాకా మొత్తం ఎన్ని లీటర్లు అయ్యాయో కూడా. మొదటి రెండూ బంగారం. మూడోదాన్ని చూడటం మానేశాను.

మొదటి ఏడాది డిసెంబరులో జరిగింది ఇది. ట్యాంకులో 50 లీటర్లే ఉన్నాయి. బోటు ఊగేటప్పుడు అడుగునున్న ఐదు లీటర్లు ఇంజన్‌కి అందవు, కాబట్టి 45 అనుకోవాలి. కృష్ణపట్నం దగ్గర లంగరేసిన ఓడలు దాటి దక్షిణానికి, ఒడ్డు కనపడనంత లోపలికి పోయాం. ఇంటికి 45 కిలోమీటర్లు. గాలీ నీళ్లూ వెనకనుంచి తోస్తుంటే లీటరుకు 2.8 కిలోమీటర్లు వచ్చింది. 16 లీటర్లతో చేరాం. నాలుగు గంటలు బోటును నెమ్మదిగా నడుపుతూ వెనక గేలాలు లాగితే ఇంకో పది లీటర్లు. మిగిలింది 19. స్క్రీను మీద 68 కిలోమీటర్లు అని ఉంది. ధైర్యంగా బోటు తిప్పాను.

పది నిమిషాల్లో ఆ 68 కాస్తా 32 అయింది. ఈశాన్య గాలి కుడివైపు ముక్కు మీద కొడుతోంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంట నీరు దక్షిణానికి లాగుతుంది, మేము ఉత్తరానికి రావాలి. లీటరుకు 1.7 మించి రాలేదు. 20 లీటర్ల క్యాను వెంట ఉండబట్టి ఒడ్డుకు చేరాం. మా బావమరిది గరాటు పట్టుకుంటే, ఊగే బోటులో క్యానును మోకాళ్ల మధ్య బిగించుకుని పోశాను. చేతుల మీదంతా పెట్రోలు. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. ఒడ్డున పెద్దనాయన ఒకటే అడిగాడు: "పొయ్యేటప్పుడు గాలి ఎటుందో చూసుకున్నావా అబ్బయ్యా?"

మీటర్ది అబద్ధం కాదు. ఆ నిమిషం వేగాన్నీ ఆ నిమిషం ఖర్చునీ పట్టుకుని మిగిలిన పెట్రోలుకు హెచ్చవేస్తుంది, అంతే. గేలాలు లాగే వేగంలో లెక్క ఎప్పుడూ అందంగానే ఉంటుంది. తిరుగు దారిలో గాలి ఎదురవుతుందని దానికి తెలియదు.

దాని అసలు విలువ నాకు వేగం విషయంలో తెలిసింది. నా బోటు గంటకు 20 కిలోమీటర్ల దగ్గర 8 లీటర్లు తాగుతుంది, లీటరుకు రెండున్నర. ఫుల్ పెడితే 28 కిలోమీటర్లకు పద్నాలుగున్నర లీటర్లు, లీటరుకు రెండు కూడా రాదు. 14 దగ్గర నడిపినా అంతే దండగ. ముక్కు పైకెత్తి నీళ్లు తోసుకుంటూ పోతుంది. నెమ్మదిగా పోతున్నాం కదా, పెట్రోలు మిగులుతుందని నేను ఏళ్ల తరబడి నడిపింది ఆ వేగంలోనే! ఈ ఒక్క సంగతికే సెన్సార్ డబ్బులు తిరిగొచ్చేశాయి.

పెట్టించగానే నమ్మకండి. నేను క్యాన్లతో 40 లీటర్లు పోస్తే అది 36 అంది. సెట్టింగుల్లో దిద్ది, మూడు నాలుగు వేటలు చూస్తేగానీ కుదుటపడలేదు. రెండో ఏడాది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో గొట్టంలో పెట్రోలు వదిలేశాను. అది జిగురుకట్టి సెన్సార్‌లో చిన్న చక్రం బిగుసుకుపోయింది. ఇంజన్ నడుస్తోంది, స్క్రీను మీద సున్నా. విప్పి కడిగితే బాగైంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. సెన్సార్ ముందు నీళ్లు వడగట్టే ఫిల్టర్ పెట్టడం తప్పనిసరి.

ఇప్పుడు ఎంత దూరమన్నది ఒడ్డునే తేల్చుకుంటాను. ట్యాంకు నిండా ఉంటే అందేది 70. అందులో మూడో వంతు, అంటే 23 లీటర్లు, ముట్టుకోను. క్యాను లెక్కలోకి రాదు. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చేపలు ఉండగల చోటు ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లలో ఉందో చెబుతుంది కదా, ఆ దూరాన్ని రానూపోనూ వేసుకుంటాను. ఎదురుగాలి ఉండే వైపుకు లీటరుకు 1.7 చొప్పున, గేలాలకు గంటకు రెండున్నర లీటర్ల చొప్పున కలుపుతాను. 47 దాటితే ఆ చోటుకు పోను. సముద్రంలో నేను చూసేది ఇప్పటిదాకా ఎన్ని లీటర్లు అయ్యాయన్న అంకె ఒక్కటే. పోవడానికీ గేలాలకూ కలిపి ఒడ్డున వేసుకున్న అంకె రాగానే గేలాలు పైకి తీసేస్తాం, వంజరం పడుతున్నా సరే. మా బావమరిదికి అది ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.