ఎన్నికల ప్రచారానికి ఎల్ఈడీ బండి అద్దెకి తీసుకుంటున్నారా? ముందు మీ వీధి వెడల్పు చూస్కోండి

2023 కర్ణాటక అసెంబ్లీ ఎన్నికల్లో బెంగళూరు రామమూర్తి నగర్ వైపు ఒక రిటైర్డ్ మేష్ట్రుని ఇండిపెండెంట్‌గా నిలబెట్టాం, వీధిలో తెలుగోళ్ళం కన్నడవాళ్ళం కలిసి చందాలేసుకుని. ఆ ప్రచారానికి ఎల్ఈడీ స్క్రీన్ బండి 6 రోజులు అద్దెకి తీసుకున్నాం. మంచీ చెడూ రెండూ చెప్పాలి కాబట్టి బండి ఇచ్చినాయన పేరు రాయట్లేదు.

అసలు బండి ఎందుకంటే, బెంగళూరులో 2018లో హైకోర్టు గట్టిగా పట్టుకున్నప్పటి నుంచి ఫ్లెక్సీ కడదామంటే భయం, గోడల మీద రాస్తే కేసు. దానికి తోడు ఇండిపెండెంట్‌కి విత్‌డ్రా గడువు అయ్యేదాకా గుర్తు ఇవ్వరు. మాకు ఏప్రిల్ 24 తర్వాతే కుట్టు మిషన్ చేతికొచ్చింది, మే 8 సాయంత్రం 6కి ప్రచారం బంద్. ఆ రెండు వారాల్లోనే కొత్త గుర్తు జనాలకి గుర్తుండిపోవాలి, పైగా స్క్రీన్ మీద వేసే వీడియోకి ఎంసీఎంసీ (ప్రచార ప్రకటనల్ని ముందే చూసి ఓకే చేసే ఎన్నికల కమిటీ) సర్టిఫికెట్ కావాలి, దానికి 3 రోజుల ముందే అప్లై చెయ్యాలి.

డెమో రాత్రి 8కి వాళ్ళ షెడ్డులో చూపించాడు, మేం కాస్త దూరంగా నిలబడి చూశాం, బ్రహ్మాండంగా ఉంది, అడ్వాన్స్ ఇచ్చేశాం. అక్కడే తప్పు చేశాం. అది పీ10 స్క్రీన్, అంటే చుక్కకీ చుక్కకీ మధ్య 10 మిల్లీమీటర్లు. 8 అడుగుల పైన వెడల్పున్న స్క్రీన్ మీద అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192, అంతే. పీ10ని కనీసం 10 మీటర్ల దూరం నుంచి చూస్తేనే బొమ్మ బొమ్మలా కనిపిస్తుంది, మా వీధులేమో 20 అడుగులు, గేటు దగ్గర నిలబడ్డ మనిషికి చుక్కలు తప్ప ఏమీ కనపడదు. కుట్టు మిషన్ సూది, దారం, చక్రం అన్నీ కలిసిపోయి ఒక ముద్ద అయ్యింది, ఒక పెద్దాయన మమ్మల్నే అడిగాడు ఇదేం గుర్తు బాబూ అని. చాలా బాధేసింది. అదే సైజులో పీ4 అయితే 640కి 480 చుక్కలొస్తాయి, వీధుల్లో తిరగాలంటే అదే తీసుకోండి, అద్దె ఎక్కువైనా సరే. మేం ఆ రాత్రే గుర్తుని నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పసుప్పచ్చగా, లావు గీతలతో మళ్ళీ గీయించాం, మళ్ళీ సర్టిఫికెట్‌కి పెట్టాం, దాంతో 3 రోజులు మెయిన్ రోడ్డు జంక్షన్లలో మాత్రమే తిప్పాం. అక్కడ సిగ్నల్ దగ్గర ఆగినవాళ్ళకి మాత్రం బాగా కనిపించింది.

ఇంకో ఇబ్బంది ఎండ. స్క్రీన్‌లో లైట్ల పలకలు పాతవి అనుకుంటా, మధ్యాహ్నం 12కి తెల్ల అక్షరాలు తప్ప రంగులన్నీ వెలిసిపోయినట్టు కనిపించాయి. డెమో మధ్యాహ్నమే అడగండి, మీ గుర్తు పెట్టించి అడగండి, వాళ్ళ దగ్గరుండే పూల వీడియోలు చూసి మోసపోవద్దు.

డ్రైవర్ గురించి మాత్రం మంచి మాటే చెప్పాలి. మదనపల్లి వైపు అబ్బాయి, రాత్రి 8 దాటాక ఇళ్ళ మధ్యకి వెళ్తే మేం చెప్పకుండానే స్క్రీన్ వెలుగు తగ్గించేవాడు, అన్నా పిల్లలు పడుకునుంటారు అనేవాడు, 10 కొట్టకముందే సౌండ్ ఆపేసేవాడు. బండి పర్మిట్ అద్దం మీద అంటించి పెట్టాడు, చెకింగ్ వాళ్ళు రెండు సార్లు ఆపినా ఏ గొడవా లేకుండా వదిలేశారు.

బిల్లు దగ్గర మాత్రం ఓనరు ఏడిపించాడు. రోజుకి 11 వేలు, మొత్తం క్యాష్ ఇవ్వమన్నాడు. అభ్యర్థి ఒకే మనిషికి 10 వేలు దాటి ఇవ్వాలంటే ఎన్నికల అకౌంట్ నుంచి చెక్కో ట్రాన్స్‌ఫరో చెయ్యాలి, బిల్లు లేకపోతే అధికారులు వాళ్ళ రేటు చార్ట్ ప్రకారం అభ్యర్థి ఖర్చు కింద రాసేస్తారు. అభ్యర్థి ఖర్చుకి అప్పుడున్న 40 లక్షల లిమిట్‌కి మేం ఎక్కడో కింద ఉన్నాం, అయినా మేష్ట్రు ఒక్క రూపాయి లెక్క తప్పినా ఒప్పుకోడు. 4 రోజులు తిరిగితే గానీ బిల్లు ఇవ్వలేదు.

డ్రైవర్‌కి 5కి 5, స్క్రీన్‌కి 2, ఓనరుకి 1. మీరు తీసుకుంటే బిల్లు ఇస్తానని వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.